తలుపు తట్టువాడెవ్వడు? తీయువాడెవ్వడు?



మన పల్లెలలో ప్రొద్దుగూకిన పిమ్మట ఎవరైనను వచ్చి తలుపు తట్టినచో లోపలివారు "ఎవరది?" అని యడుగుదురు. వెలుపలివాడు తఱచుగా ఇచ్చు జవాబు "నేనే" అని. ఆ మాటలో పేరు లేదు, ఊరు లేదు. అయినను గొంతు గుర్తుపట్టి మనము గడియ తీయుదుము. గొంతు వినబడని చోట, మొగము కనబడని చోట ఈ "నేనే" అను జవాబు ఎంతవరకు పనికివచ్చును? నేటి నా ప్రసంగమునకు ఈ ప్రశ్నయే మూలము.

రెండు కంప్యూటరు యంత్రములు దూరమునుండి రహస్యముగా మాటలాడుకొనవలెనన్నచో, వానిలో తట్టునది ఏది, తీయునది ఏది యని ముందుగా నిర్ణయింపవలెను. తట్టుదానిని క్లయింటు అందురు. తీయుదానిని సర్వరు అందురు. ప్రోగ్రాము వ్రాయువానికి ఇది ఒక్క పంక్తి పని. కాని ఆ యొక్క పంక్తి వెనుక ఏబది యేండ్ల చరిత్ర కలదు. బ్యాంకులో నాలుగు రూపాయలు దాచుకొన్న ప్రతి గృహస్థునకును, విదేశమందున్న మనుమనితో ఫోనులో మాటలాడు ప్రతి తాతకును ఆ చరిత్రతో సంబంధము కలదు గనుక దానిని మీకు మనవి చేయదలచితిని.

1969వ సంవత్సరమున అమెరికా దేశములో ఆర్పానెట్ అను పేర కొన్ని విద్యాసంస్థల యంత్రములను ఒకదానితో నొకటి కలుపుట ప్రారంభమయ్యెను. ఆనాడు వ్రాసికొన్న తొలి పత్రములలోనే సేవ చేయు యంత్రము, సేవ పొందు యంత్రము అను భేదము కనబడుచున్నది. అయితే అది పని సౌకర్యము కొఱకు ఏర్పడిన భేదమే. యంత్రములు కొలదిగా నుండెను. వానిని వాడువారు ఒకరి నొకరు ఎఱిగినవారు. ఊరిలో నాలుగిండ్లే యున్నపుడు తలుపునకు గడియ యెందుకు?

ఊరు పెరిగిన కొలది గడియ కావలసివచ్చెను. అంతకుముందు రహస్యలేఖ పంపుటకు ఇద్దఱియొద్దను ఒకే తాళపుచెవి యుండవలెను. దానిని ముందుగానే చేతికి చేత అందింపవలెను. 1976లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్మన్ అనువారు ఒక వింతను ప్రకటించిరి. మునుపెన్నడును కలిసికొనని యిద్దఱు, పదిమంది వినుచుండగనే కొన్ని అంకెలను ఇచ్చిపుచ్చుకొని, వినువారికి అంతుపట్టని రహస్యపు అంకెను తామిద్దఱే సాధింపవచ్చునని చూపిరి. 1977లో రివెస్టు, షమీర్, ఏడల్మన్ అను మువ్వురు మఱియొక మార్గమును కనుగొనిరి. వారి పద్ధతిలో ప్రతివానికిని రెండు చెవులు. ఒకటి ఊరందఱికిని పంచిపెట్టునది; దానితో ఎవరైనను వాని పేరి పెట్టెను మూయవచ్చును. రెండవది వాడు దాచుకొనునది. దానితో వాడు మాత్రమే ఆ పెట్టెను తెఱవగలడు. ఇంగ్లండు ప్రభుత్వపు రహస్యశాఖలో జేమ్స్ ఎల్లిస్, క్లిఫర్డ్ కాక్స్, మాల్కమ్ విలియమ్సన్ అనువారు 1970 మొదలు 1974 లోపుననే ఇట్టి భావములను కనుగొనియుండిరి. ఆ సంగతి 1997లో గాని లోకమునకు తెలియలేదు.

తాళము దొరకినది గనుక భయము తీరినదని యనుకొందుము. కాని తాళము వేయుట వేఱు, తాళము వేసినవా డెవ్వడో తెలిసికొనుట వేఱు. 1978లో రోజర్ నీడమ్, మైకేల్ ష్రోడర్ అను పండితులు యంత్రములు ఒకదాని నొకటి గుర్తించుటకు ఒక పద్ధతిని ప్రకటించిరి. దానిని మన యింటి కథగా చెప్పెదను.

రామయ్య భీమయ్యతో మాటలాడదలచెను. భీమయ్య మాత్రమే తెఱవగల పెట్టెలో తన పేరును, అప్పటికప్పుడు తలచుకొన్న యొక రహస్యపు అంకెను పెట్టి పంపెను. భీమయ్య దానిని తెఱచి, తానును ఒక అంకెను తలచుకొని, రెండంకెలను రామయ్య మాత్రమే తెఱవగల పెట్టెలో పెట్టి పంపెను. రామయ్య తన అంకె తిరిగివచ్చుట చూచి, ఆ పెట్టెను భీమయ్య తప్ప మఱొకడు తెఱచియుండలేడు గనుక ఇతడు భీమయ్యయే యని నమ్మెను. పిదప భీమయ్య అంకెను భీమయ్య పెట్టెలో తిరిగి పంపెను. భీమయ్యయు నమ్మెను. వినుటకు లోప మెక్కడను కనబడదు.

పదునేడు సంవత్సరముల పిమ్మట, 1995లో, ఆక్స్‌ఫర్డులోని గావిన్ లో అను నాతడు లోపమును బయటపెట్టెను. రామయ్య ఒకనాడు కేశవయ్య అను మఱొకనితో మాట మొదలుపెట్టె ననుకొనుడు. ఈ కేశవయ్య మోసగాడు. రామయ్య పంపిన పెట్టెను తెఱచి, లోపలి వస్తువును భీమయ్య పెట్టెలోనికి మార్చి, "నేను రామయ్యను" అని భీమయ్యకు పంపును. భీమయ్య జవాబు రామయ్య పెట్టెలో వచ్చును గనుక కేశవయ్య దానిని తెఱవలేడు. తెఱవ నక్కఱయు లేదు. ఉన్నదున్నట్లు రామయ్యకే పంపివేయును. రామయ్య అది కేశవయ్య జవాబే యనుకొని, తెఱచి, అందులోని భీమయ్య అంకెను కేశవయ్య పెట్టెలో పెట్టి యిచ్చును. కేశవయ్య దానిని భీమయ్యకు చూపి తాను రామయ్యగా చెలామణి యగును.

గమనింపుడు. ఇక్కడ ఏ తాళమును ఎవ్వడును పగులగొట్టలేదు. మోసగాడు ఒకవైపు తలుపు తీయువాడుగను, రెండవవైపు తలుపు తట్టువాడుగను నిలిచెను, అంతే. గావిన్ లో చెప్పిన చికిత్స మిక్కిలి చిన్నది. భీమయ్య తన జవాబులో తన పేరును కూడ వ్రాయవలెను. అపుడు రామయ్య పెట్టె తెఱచి, "నేను పిలిచినది కేశవయ్యను గదా, ఇందులో భీమయ్య పేరు ఏల?" అని నిలిచిపోవును.

ఆ కాలముననే అమెరికాలో నెట్‌స్కేప్ అను సంస్థ, ఇంటర్‌నెట్టు పుటలను చూచు సాధనమును అమ్ముచు, దాని ద్వారా వర్తకము జరుగవలెనన్నచో రహస్యమైన మార్గము కావలెనని గ్రహించెను. ఆ మార్గమునకు ఎస్.ఎస్.ఎల్. అని పేరు పెట్టిరి. మొదటి పాఠము వెలికి రానేలేదు. రెండవది 1995లో వచ్చెను. అందు లోపములు పలువిధములుగా బయటపడెను. 1996లో పాల్ కోచర్, ఫిల్ కార్ల్‌టన్, ఆలన్ ఫ్రయర్ అనువారు మూడవ పాఠమును క్రొత్తగా రచించిరి.

అందలి క్రమము ఇట్టిది. ముందుగా క్లయింటు పలుకరించి, తనకు ఏయే తాళములు వాడుట వచ్చునో చెప్పును. సర్వరు వానిలో ఒకదానిని ఎన్నుకొని, తన పేరు గల ధ్రువపత్రమును చూపును. క్లయింటు ఆ పత్రమును పరీక్షించును. తరువాత ఇరువురును కలిసి రహస్యపు చెవులను తయారుచేసికొందురు. కడపట, ఇంతవరకు జరిగిన సంభాషణ యంతయు ఇదియే యని ఒకరి కొకరు ముద్ర వేసి చూపుకొందురు. ఆ ముద్రలోనే గొప్ప జాగ్రత్త యొకటి కలదు. క్లయింటు వేయు ముద్రలో సీ, ఎల్, ఎన్, టీ అను నాలుగు ఇంగ్లీషు అక్షరములును, సర్వరు వేయు ముద్రలో ఎస్, ఆర్, వీ, ఆర్ అను నాలుగక్షరములును కలిసియుండవలెను. క్లయింటు మాటలను మూయుటకు ఒక చెవి, సర్వరు మాటలను మూయుటకు వేఱొక చెవి. కావున ఒకని మాటను దొంగిలించి, అదే మాటను వానికే జవాబుగా తిప్పికొట్టుట సాధ్యము కాదు. 1999లో ఈ పద్ధతి టి.ఎల్.ఎస్. అను క్రొత్త పేరుతో అందఱి యుమ్మడి సొత్తుగా ప్రకటింపబడినపుడు, ఆ నాలుగక్షరములకు బదులు క్లయింటు, సర్వరు అను పూర్తి పదములే ముద్రలో చేరెను. 2018లో వెలువడిన 1.3వ పాఠములోను చెవుల భేదము అట్లే నిలిచియున్నది.

ఇక ప్రోగ్రాములు వ్రాయువారి సంగతి. ఎరిక్ యంగ్, టిమ్ హడ్సన్ అను ఇద్దఱు 1995లో ఈ పద్ధతిని ఎవరైనను ఉచితముగా వాడుకొనునట్లు ఎస్.ఎస్.ఎల్.ఈ.ఏ.వై. అను ప్రోగ్రాముగా వ్రాసిరి. దానినుండియే 1998లో ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. పుట్టెను. అందు పాత్రను నిర్ణయించుటకు రెండు ఉత్తరువులు కలవు. "సెట్ కనెక్ట్ స్టేట్" అనినచో నీవు తట్టువాడవు. "సెట్ యాక్సెప్ట్ స్టేట్" అనినచో నీవు తీయువాడవు. రెంటిలో ఏదియు చెప్పక మాట మొదలుపెట్టుమన్నచో ఆ యంత్రము, సంబంధము ఏ రకమైనదో నిర్ణయింపబడలేదని తప్పు చూపి నిలిచిపోవును. యంత్రము తనంత తాను ఊహించుకొనదు.

ఇట ఒక స్వానుభవమును చెప్పుటకు అనుమతింపుడు. సుమారు ఇరువది యేండ్ల క్రిందట నే నొక కార్యాలయమున ప్రోగ్రాములు వ్రాయు నుద్యోగములో నుంటిని. వృద్ధుల పింఛను జాబితాను ఒక యంత్రమునుండి దూరమందున్న మఱొక యంత్రమునకు రహస్యమార్గమున పంపవలెను. మఱునాటి యుదయమున ఆ జాబితాను బట్టియే పంపకము. రాత్రి పది గంటలకు పని మొదలుపెట్టితిని. రెండు యంత్రములకును దారి కలిసినదని తెరమీద కనబడుచున్నది. కాని ఒక్క అక్షరమైనను కదలదు. తీగలను చూచితిని, ధ్రువపత్రములను చూచితిని, గడియారములను సరిచేసితిని. తెల్లవారుజామున గాని తప్పు నాదేయని తెలియలేదు. ఒక యంత్రముకొఱకు వ్రాసిన ప్రోగ్రామునే మార్పు లేకుండ రెండవదానిలోనికి నకలు చేసియుంటిని. రెండును తీయువారే! రెండు యిండ్లవారును లోపల కూర్చుండి, ఎదుటివారు వచ్చి తలుపు తట్టుదురని రాత్రియంతయు కాచుకొనియుండిరి.

తొందరలో రెంటిని తట్టువారుగా మార్చితిని. ఈ మాఱు మౌనము లేదు, గాని రెండును ఒక్కసారిగా పలుకరించి, ఎదుటినుండి జవాబు రావలసిన చోట మఱియొక పలుకరింపు వచ్చుట చూచి, ఎదురుచూడని మాట వచ్చినదని చెప్పి తెగిపోయెను. పిదప ఒకదానిని తట్టునదిగను ఒకదానిని తీయునదిగను ఏర్పఱచితిని. రెప్పపాటులో జాబితా పోయెను. కాని అప్పటికి తొమ్మిది గంటలు దాటెను. అక్కడి వరండాలో ముసలివారు ఉదయము ఆఱు గంటలనుండి కూర్చుండియుండిరని తరువాత వింటిని. వారిలో ఒకామె ఎండకు తాళలేక వెనుకకు పోయి, ఆ నెల సొమ్మును మఱునెల వఱకు అందుకొనలేదట. ఒక్క పంక్తియే గదా యని ఇప్పటికిని నేను అనజాలను.

దారి వేసినవాడే క్లయింటు, దారిలో ఎదురుపడినవాడే సర్వరు అని యనుకొనిన చాలదా యని మీరడుగవచ్చును. చాలదు. మన పెండ్లిండ్లను తలచుకొనుడు. సాధారణముగా మగపెండ్లివారు తరలివచ్చెదరు, ఆడపెండ్లివారు ఎదురేగి పిలుచుకొని పోవుదురు. కాని ఏ కారణముచేతనో పెండ్లి మగపెండ్లివారి యింటనే జరిగినచో, ప్రయాణము చేసి వచ్చినది ఆడపెండ్లివారే యైనను వారు ఆడపెండ్లివారు కాకపోవుదురా? ఎవరు నడచివచ్చిరి అనునది వేఱు, ఎవరు ఏ వైపువారు అనునది వేఱు.

ఇందుకు సరియైన దృష్టాంతము ఎఫ్.టీ.పీ. అను, దస్త్రములను పంపు పద్ధతిలో కలదు. దానిని 1971లో మొదట వ్రాసినవాడు మన దేశమున పుట్టి, కాన్పూరు ఐ.ఐ.టి.లో చదివి, అమెరికాకు పోయిన అభయ్ భూషణ్. ఆ పద్ధతిలో మాటలకు ఒక దారి, సరకునకు వేఱొక దారి. మాటల దారిని క్లయింటు వేయును. సరకు దారిని ఒక్కొక్కప్పుడు సర్వరే వెనుదిరిగి క్లయింటు కడకు వేయును. ఈ పద్ధతికి తాళము బిగించు నియమములు 2005లో వెలువడినపుడు అందు స్పష్టముగా వ్రాసిరి: దారి ఎవరు వేసినను సరే, దస్త్రము అడుగు క్లయింటే తాళపు సంభాషణలోను క్లయింటు.

మఱి ఇద్దఱును సమానులైనచో? బొమ్మ కనబడు ఫోనుమాటలలో తాతయు సర్వరు కాడు, మనుమడును సర్వరు కాడు. ఇంటర్‌నెట్టు చూచు సాధనముల ద్వారా ఇట్లు ముఖాముఖి మాటలాడుటకు వెబ్ ఆర్.టీ.సీ. అను పద్ధతి వాడుకలో నున్నది. అందు అనుసరించు నియమములు 2010లో ఏర్పడినవి. పిలుచువాడు ముందుగా "నేను తట్టుటకైనను తీయుటకైనను సిద్ధముగా నున్నాను" అని చెప్పవలెను. జవాబిచ్చువాడు రెంటిలో నొకటి ఎన్నుకొనవలెను. తట్టువాడుగా నుండుటయే మేలని ఆ నియమములు సలహా యిచ్చుచున్నవి. ఏలన, తన జవాబు ఎదుటివానికి చేరులోపుననే తాళపు పలుకరింపును మొదలుపెట్టవచ్చును, కాలము కలిసివచ్చును. కావున మనుమడు అమెరికానుండి పిలిచినను, తాళము బిగించు సంభాషణలో ముందు పలుకరించునది సాధారణముగా ఈవలి తాత ఫోనే! మర్యాదకు "మీరు ముందు, మీరు ముందు" అనుకొనుచు ఇద్దఱును గుమ్మమున నిలిచిపోకుండుటకు యంత్రములకును ఇట్టి కట్టుబాటు కావలసివచ్చెను.

ఇంత జాగ్రత్త పడిన పిమ్మటను 2019లో మఱొక చిక్కు బయటపడెను. టి.ఎల్.ఎస్. 1.3లో, ధ్రువపత్రములు లేకుండ, ఇద్దఱును ముందే పంచుకొన్న రహస్యపు మాటతో ఒకరి నొకరు గుర్తించు మార్గమొకటి కలదు. నిర్ డ్రకర్, షే గెరోన్ అనువారు దానిని పరీక్షించి ఇట్లు చూపిరి. ఒకే యంత్రము, ఒకే రహస్యపు మాటతో, ఒకప్పుడు క్లయింటుగను ఒకప్పుడు సర్వరుగను పనిచేయునదైనచో, మధ్యనున్న దొంగ దాని పలుకరింపును దానికే తిప్పి పంపవచ్చును. ఆ యంత్రము సర్వరు పాత్రలో తానే దానికి జవాబిచ్చును. ఆ జవాబును చూచి క్లయింటు పాత్రలో నున్న తానే మురిసిపోవును. నూతిలోనికి వంగి "రామయ్యా!" అని కేకవేసి, తన ప్రతిధ్వనినే రామయ్య గొంతుగా నమ్మినవాని వంటిదన్న మాట. తమాషాగా దీనికి "సెల్ఫీ" అని పేరు పెట్టిరి. దీనికి మందును 2022లో వెలువడిన సూచనలలో వ్రాసిరి: ఒక రహస్యపు మాటను పంచుకొన్న యిద్దఱిలో ఒకడు ఎల్లప్పుడును క్లయింటు, రెండవవాడు ఎల్లప్పుడును సర్వరు కావలెను, కానిచో ఇద్దఱి పేర్లును సంభాషణలో గట్టిగా ముడిపెట్టవలెను. 1995లో గావిన్ లో చెప్పిన మాటయే, రూపము మాఱి, మరల చెప్పవలసివచ్చెను.

ఇక మన యింటి గుమ్మమునకు వత్తము. మన దేశములో 2000వ సంవత్సరపు చట్టము కంప్యూటరు సంతకములకు చెల్లుబాటును కలిగించెను. హైదరాబాదులో రిజర్వు బ్యాంకు 1996లో నెలకొల్పిన బ్యాంకింగు సాంకేతిక పరిశోధన సంస్థ ఆ చట్టము ననుసరించి బ్యాంకులకు ధ్రువపత్రములు ఇచ్చు పనిని చేపట్టెను. నేడు మీ చేతిలోని ఫోను బ్యాంకును పిలిచినపుడు మీ ఫోను క్లయింటు, బ్యాంకు సర్వరు. మీరు రహస్యపు మాటను చెప్పకముందే బ్యాంకు తన పత్రమును చూపితీరవలెను. మీ ఫోను ఆ పత్రమును చదివి, పేరు సరిపోయిన గాని ముందునకు పోదు. ఇన్ని సంవత్సరములు పండితులు తలలు బ్రద్దలు కొట్టుకొని ఏర్పఱచిన క్రమము ఇదియే.

మోసగాడు దానిని తలక్రిందులు చేయుచున్నాడు. వాడు మీ తాళమును ముట్టడు. తానే మీకు ఫోను చేసి, "మేము బ్యాంకువారము, మీకు వచ్చిన నంబరు చెప్పుడు" అనును. ఇక్కడ తలుపు తట్టినవాడు వాడు. పత్రము చూపనివాడు వాడు. గుర్తు చెప్పవలసినది మాత్రము మీరట! రామయ్య తన చేతులార భీమయ్య అంకెను కేశవయ్యకు ఇచ్చివేసినట్లే, ఆ నంబరును మీ నోటితోనే బయటపెట్టించుట వాని పన్నాగము. కావున పెద్దలారా, మీరు పిలిచిన బ్యాంకు వేఱు, మిమ్ము పిలిచిన బ్యాంకు వేఱు. పిలిచినవాని మాట నిజమో కాదో తేల్చుకొనవలెనన్నచో, ఫోను పెట్టివేసి, మీ పాసుపుస్తకము మీద అచ్చువేసిన నంబరునకు మీరే ఫోను చేయుడు. లేదా బ్యాంకునకు స్వయముగా పొండు. అప్పటికే సొమ్ము పోయినచో ఆలస్యము చేయక 1930 అను ప్రభుత్వపు నంబరునకు తెలియజేయుడు.

మఱొక్క హెచ్చరిక. తాళపు గుర్తు కనబడినంతమాత్రమున ఆవలివాడు సజ్జనుడని కాదు. పత్రము పేరును మాత్రమే చెప్పును, గుణమును చెప్పదు. దొంగయు తన పేరిట ఒక పత్రమును సంపాదింపగలడు. కనుక ఆ పేరు మీరు వెదకిన పేరేనా యని అక్షరమక్షరము చూచుకొనుట మీ వంతు.

రాత్రి వేళ తలుపు తట్టినవాడు "నేనే" అనినచో మన తాతలు "నేనే అంటే ఎవరు?" అని మరల అడిగెడివారు. యంత్రములు ఆ రెండవ ప్రశ్నను నేర్చుకొనుటకు ఏబది యేండ్లు పట్టినది. మనము దానిని మఱవకుండుదము గాక. సెలవు.